సోమవారం కలిసే ఊరు

మా చిన్నాయనకు తన పుట్టిన తేదీ తెలియదు. జీవో నంబర్లు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. 98 అంటే 1986, ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం. 69 అంటే 1996, శ్రీశైలం డ్యామ్ కనీస నీటిమట్టాన్ని 854 అడుగుల నుంచి 834కి దించింది. 107 అంటే 2004, మళ్లీ 854కి తెచ్చింది. ఎనభై దాటిన మనిషి. పొద్దున వేసుకున్న మాత్ర గుర్తుండదు, చిన్నమ్మ పొరపాటున ఇంకోటి ఇస్తే అదీ వేసుకుంటాడు. ఈ మధ్య ఎవరో చదువుకునే పిల్లోడు ఇంటికొచ్చి "తాతా, మీరు ఎన్నేళ్ల నుంచి ఉద్యమంలో ఉన్నారు?" అని అడిగాడు. "ఉద్యమం యాడిదప్పా? నేను నకలు అడిగినా. ఇంగా ఇయ్యలేదు" అన్నాడు చిన్నాయన.

పిల్లోడు నవ్వాడు గానీ ఆయన చెప్పింది నిజమే.

మేము శ్రీశైలం ముంపోళ్లం. కర్నూలు పక్క ఈ మాట ఎవరికైనా తెలుసు. సంగమేశ్వరానికి అవతల, కృష్ణ ఒడ్డున ఉండేది మా ఊరు. 1960లో నెహ్రూ వచ్చి డ్యామ్‌కు శంకుస్థాపన చేసినప్పుడు మా పెద్దలెవరికీ అది తమ సంగతి అనిపించలేదట. డ్యామ్ ఎక్కడో నల్లమల లోపల, మనం ఎక్కడో ఇక్కడ. తర్వాత ఇరవై ఏళ్లు నీళ్లొస్తాయి నీళ్లొస్తాయి అంటూనే ఉన్నారు, ఎండాకాలం వస్తే నదిలో మోకాలు లోతు కూడా ఉండేది కాదు. ఇక నమ్మేదెవరు? కొలతలు తీసుకోవడానికి వచ్చిన వాళ్లకు మజ్జిగ ఇచ్చి పంపేవాళ్లు.

1981లో నమ్మక తప్పలేదు. ఊళ్లు ఖాళీ చేయించడానికి సర్కారు పెట్టుకున్న పేరు ఆపరేషన్ డెమాలిషన్. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి వంద దాకా ఊళ్లు, లక్ష ఎకరాల దాకా భూమి. నేను అప్పుడు కర్నూలులో డిగ్రీ చదువుతున్నా. సంగతి తెలిసి వెళ్లేసరికి మా ఇంటికి తలుపుల్లేవు. పీకింది పోలీసులు కాదు, మా నాయనే. టేకు తలుపులూ దూలాలూ ముందే బండికి ఎత్తుకోకపోతే అవి కూడా దక్కవని ఎవరో చెప్పారు. మా జేజి ఏమీ మాట్లాడకుండా గడ్డపార తెప్పించి నడవలోని రోలు తవ్వించింది. ఆ రోలు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, మిక్సీ వచ్చాక దాని మీద తులసి కుండీ పెట్టాం.

చిన్నాయన కథ మొదలైంది ఎద్దుల కొట్టం దగ్గర. ఇళ్ల కొలతల జాబితాలో ఆయన ఇల్లు ఉంది, పక్కనున్న కొట్టం లేదు. పరిహారంలో తేడా పెద్దదేమీ కాదు. కానీ కళ్ల ముందు ఉన్న కొట్టం కాగితంలో ఎందుకు లేదని ఆయనకు పట్టుకుంది. ఒక ఆఫీసుకు పోయి జాబితా నకలు అడిగాడు. రేపు రమ్మన్నారు. రేపు పోయాడు. ఈసారి వెంట ఇద్దరు వచ్చారు, ఒకాయనకు బావి లేదు, ఇంకొకాయనకు చింతచెట్లు లేవు. ఆ తర్వాత నలుగురయ్యారు. నాలుగో తరగతి దాకా చదివిన చిన్నాయనది ముత్యాల్లాంటి చేతిరాత. అది చాలు, నాయకుడైపోయాడు.

అంతకుముందు ఆయనకు రాజకీయం తెలియదని కాదు. ఎర్రజెండా మీటింగులకు నందికొట్కూరు దాకా సైకిల్ మీద పోయేవాడు. ముంపు తర్వాత మాత్రం ఏ జెండా వాళ్లు టెంటు వేస్తే ఆ టెంటు కింద కూర్చున్నాడు. నాకు ఉద్యోగం వచ్చి టీచర్ల సంఘంలో తిరిగే రోజుల్లో ఇదేం నిలకడ అని వాదించేవాణ్ని. "నిలకడ నాది కాదబ్బీ, సమస్యది" అనేవాడు. పార్టీల్లో పెద్ద పెద్ద చీలికలు వచ్చిన కాలమది. ఆయనకు వాటితో పని లేదు, మైకు ఎవరిదైతేనేం అనేవాడు.

అసలు నేను చెప్పాలనుకున్నది సోమవారాల గురించి.

మునిగాక ఊరు ముక్కలైంది. కొందరు కర్నూలు పాతబస్తీలో అద్దె ఇళ్లకు వచ్చారు, కొందరు ఆత్మకూరు, కొందరు నందికొట్కూరు. చేతికొచ్చిన డబ్బుతో భూమి కొన్నవాళ్లు తక్కువ. పెళ్లిళ్లకు, అప్పులకు పోయింది ఎక్కువ. కూలికని హైదరాబాదు పోయిన వాళ్లయితే పండక్కి రావడానికి ఊరే లేదు. జాతర లేదు, పీర్ల పండగ లేదు, ఎవరైనా పోతే పూడ్చడానికి మన నేల లేదు. మిగిలింది ఒక్కటే, సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజు.

అందరూ అక్కడికి వచ్చేవాళ్లు. అర్జీ ఉన్నా లేకున్నా వచ్చేవాళ్లు. పొద్దున ఆరింటి బస్సుకు ఆత్మకూరు వాళ్లు దిగేవారు. పాత బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీ తిని నడుచుకుంటూ వచ్చి చెట్టు కింద కూర్చునేవారు. ఎవరి కోడలు నీళ్లోసుకుంది, ఎవరి కొడుకు బొంబాయి పోయాడు, ఎవరింట్లో అన్నదమ్ములు పరిహారం పంపకంలో తలలు పగలగొట్టుకున్నారు, అన్నీ అక్కడే తెలిసేవి. మా అక్క పెళ్లి సంబంధం కుదిరింది ఆ చెట్టు కిందే. పిల్లోడి తండ్రి అర్జీ మీద వేలిముద్ర వేస్తూ ఉంటే మా నాయన పక్కన నిలబడి కట్నం మాట్లాడాడు. ఊళ్లో పక్క పక్క వీధుల్లో ఉండి పలకరించుకోని వాళ్లు కూడా ఆ చెట్టు కింద ఒకే టిఫిన్ డబ్బా పంచుకోవడం చూశాను. ఊళ్లో ఒక బావిలో నీళ్లు తోడుకోనివ్వని వాళ్లూ, తోడుకోలేని వాళ్లూ ఒకే వరసలో టోకెన్ కోసం నిలబడేవాళ్లు. ముంపు మంచి చేసిందని నేను అనను. అలా జరిగింది, అంతే.

సర్కార్లు మారినప్పుడల్లా ఆ సోమవారం కార్యక్రమం పేరు మారేది. గ్రీవెన్స్ అన్నారు, ప్రజావాణి అన్నారు, మీకోసం అన్నారు, స్పందన అన్నారు. మా వాళ్లు ఏ పేరూ పెట్టుకోలేదు. "సోమవారం వస్తాండావా?" అంటే చాలు.

చిన్నాయనకు జతగా సాయిబు మామ ఉండేవాడు. మాకు ఏమీ బంధువు కాదు, ఊళ్లో మా నాయనను బావా అని పిలిచేవాడు కాబట్టి మామ. గొంతు ఆయనది, రాత చిన్నాయనది. ధర్నాలో నినాదం ఎత్తుకుంటే గేటు కాడి బంట్రోతు కూడా పెదాలు కదిపేవాడు. రాస్తారోకోకు అరెస్టు చేసి స్టేషన్లో కూర్చోబెడితే సాయంత్రం దాకా అందరికీ కథలు చెప్పేవాడు. రంజాన్ నెలలో ఒకసారి అలా పట్టుకుపోతే, ఉపవాసం విడిచే వేళకు అక్కడి కానిస్టేబులే ఖర్జూరాలు తెచ్చిచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఉద్యమం అంటే బయటివాళ్లకు కనిపించేది నినాదాలూ అరెస్టులే. నేను దగ్గరగా చూసింది మాత్రం మైదా ఉడకబెట్టి జిగురు చేయడం, రాత్రి గోడలకు కరపత్రాలు అంటించడం, షామియానా వాడికి బాకీ ఉన్న డబ్బు గురించి నెలల తరబడి గొడవ, రశీదు పుస్తకంలో రెండు రూపాయలు తేడా వస్తే రాత్రంతా కూర్చుని లెక్క చూడడం. చిన్నాయన లెక్క తప్పనివ్వడు. మినిట్స్ పుస్తకంలో హాజరైన వాళ్ల పేర్లు, చర్చించిన విషయం, టీ ఖర్చు, అన్నీ ఉంటాయి. అర్జీ ఇస్తే ముద్ర వేయించుకోకుండా కదలడు. ఇన్‌వార్డ్ నంబరు లేని కాగితం ఇచ్చినా ఇవ్వనట్టే అని ఆయన సిద్ధాంతం.

1986లో జీవో 98 వచ్చిన రోజు చెట్టు కింద బూందీ పంచారు. ఇంటికొక ఉద్యోగం! చాలామంది ఆ వారమే కొడుకుల సర్టిఫికెట్లు వెతికించారు. తర్వాత జాబితాలు మొదలయ్యాయి. ఇరిగేషన్‌లో లష్కర్ పోస్టులు కొందరికి వచ్చాయి, నిజమే. కాలువ మీద తిరిగే ఉద్యోగం, ఊరు ముంచిన నీళ్లకే కాపలా. రాని వాళ్లు ఎక్కువ. సీనియారిటీ ఎవరిది, కుటుంబం అంటే ఎవరు, అన్న తీసుకున్నాక తమ్ముడికి హక్కుందా, ఇవన్నీ తేలేలోపు వయసు దాటిపోయింది. సాయిబు మామ పెద్దకొడుక్కు పిలుపు రావాల్సిన రోజుల్లో ఆ అబ్బాయి రాజ్‌విహార్ సెంటర్ దగ్గర ఆటో తోలేవాడు. ఇప్పుడు ఆ అబ్బాయికే మనవళ్లు. వయసు సడలింపు ఇవ్వాలన్నది చిన్నాయన అర్జీల్లో మూడో పేరా. ఎప్పుడు చూసినా మూడో పేరానే.

ఇంట్లో దీనికి లెక్క కట్టేది చిన్నమ్మ. బర్రెలు రెండు పెట్టుకుని పాలు పోసి ఇల్లు నడిపింది. బస్సు చార్జీలకు చిన్నాయన చేయి చాపితే ఇచ్చేది, అడగకుండా ఇచ్చింది ఎప్పుడూ లేదు. ఎవరైనా పొగిడితే, "ఆయన ఊరికోసం తిరిగినాడు, నేను ఆయన కోసం తిరిగినా, బర్రెలు నా కోసం తిరిగినాయి" అనేది.

అయితే ఆమె కూడా ఒక పోరాటం చేసింది. ఆయన పోరాటం కంటే త్వరగా గెలిచింది కూడా. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారన్న కబురు 1992లో ఊరూరా పాకింది. చిన్నమ్మ ఉండే వాడలో సారా ప్యాకెట్ల కొట్టు ఉండేది. ఒక రోజు పాలు పోసి వచ్చి, బిందె పక్కన పెట్టి, పదిమంది ఆడవాళ్లతో పోయి ఆ కొట్టు ముందు కూర్చుంది. వేలంపాట జరిగే చోటికి కూడా పోయారు. అర్జీ లేదు, రశీదు లేదు, మినిట్స్ పుస్తకం లేదు. చీపుర్లు ఉన్నాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బందయింది. ఆ నిర్ణయం తీసుకున్న ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి మా జిల్లా మనిషే. ఇక చిన్నమ్మను పట్టుకోవడం కష్టమైంది. "మీ జీవోలు ఎన్నేండ్లు? మాది ఎన్ని నెలలు?" అని ఆయన నోరు మూయించేది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు ఇంకా. 1997లో నిషేధం ఎత్తేశాక చిన్నాయన ఒక్కసారి ఏదో అనబోయాడు. చిన్నమ్మ చూసిన చూపుకు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

1996లో జీవో 69 వచ్చినప్పుడు చెట్టు కింద పెద్ద పోట్లాట జరిగింది. అది నాకు బాగా గుర్తుంది, సెలవు పెట్టి వెళ్లాను కాబట్టి. డ్యామ్‌లో నీళ్లు 854 అడుగుల కంటే కిందికి పోతే పోతిరెడ్డిపాడు తూముల నుంచి సీమ కాలువలకు వచ్చేది నామమాత్రం. 834 దాకా తోడుకోవచ్చంటే మనకు మిగిలేది ఏముంది, దీని మీద కొట్లాడాలి అన్నాడు చిన్నాయన. వెంటనే ఒకాయన లేచాడు. సంగమేశ్వరం దగ్గరి మనిషే. మట్టం తగ్గితేనే కదా ఎండాకాలం మన గుడి బయటపడేది, మన పొలాల గట్లు కనిపించేది, 854 దగ్గర నిలబెట్టమంటే మన ఊరిని మనమే ముంచమని అడిగినట్టు కాదా అన్నాడు. గుడిలోని వేపదారు లింగానికి ఏడాదికి కొన్నాళ్లే పూజ, అది కూడా లేకుండా చేస్తావా అని ఇంకొకాయన.

తప్పు లేదు ఆ మాటలో. నీళ్లు తగ్గిన ఏడాది మా వాళ్లు ట్రాక్టర్లు కట్టుకుని పోయి, బురదలో నిలబడి, ఇది మా వాకిలి, ఇది మీ వాకిలి అని చూసుకుని వచ్చేవాళ్లు. కొందరు ఆ బురదలోనే పంట వేసుకునేవాళ్లు. దాన్ని ఒదులుకోమనడం చిన్న విషయం కాదు.

చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. బీడీ కాల్చుకుని వచ్చి కూర్చున్నాడు. "మునిగింది ఎట్లాగూ మునిగింది. ఉత్తపుణ్యానికి మునిగినామా అనేదే నా బాధ. మనూరి మీద నిలబడిన నీళ్లు సీమ కాలువకు పోతే కదా మునిగినదానికి ఒక లెక్క" అన్నాడు. అందరూ ఒప్పుకోలేదు. కొందరు ఆ సోమవారం నుంచి రావడం మానేశారు, ఒకాయనైతే చిన్నాయన ఇంట్లో శుభకార్యానికి కూడా రాలేదు. నేను మాత్రం అప్పటిదాకా ఆయనను కొట్టం లెక్క కోసం తిరిగే మొండిమనిషి అనుకునేవాణ్ని. ఆ రోజు తర్వాత ఆ చూపు మారింది.

2009 అక్టోబరు 2న కర్నూలుకు వరద వచ్చింది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చాయి. డ్యామ్ పూర్తి మట్టం 885 అడుగులైతే ఆ వరదలో 896 దాకా పోయింది. పాతబస్తీలో చిన్నాయన అద్దె ఇల్లు సగానికి పైగా మునిగింది. వాళ్లిద్దరినీ మిద్దె మీద నుంచి దింపి మా ఇంటికి తెచ్చుకున్నాం. చిన్నమ్మ బర్రె కోసం ఏడిచింది, ఆయన రేకు పెట్టె కోసం. అందులోనే ఉన్నాయి కాగితాలన్నీ. నీళ్లు తీసాక పోయి బురదలోంచి పెట్టె లాగి, మా మిద్దె మీద ఒక్కొక్క కాగితం విడదీసి, గాలికి పోకుండా కంకర రాళ్లు పెట్టి ఆరబెట్టాం. సిరా రాసిన అర్జీలు చాలావరకు పోయాయి. ముద్రలు మాత్రం మిగిలాయి! ఊదా రంగు గుండ్రాలు, మధ్యలో తేదీలు, చుట్టూ ఖాళీ. సాయిబు మామ వచ్చి చూసి, "వాళ్లు తీసుకున్నట్టు సాక్ష్యం ఉంది, మనం ఏం అడిగినామో లేదు" అని పడీ పడీ నవ్వాడు. చిన్నాయనకు ఆ నవ్వు రుచించలేదు. గుర్తున్నంతవరకు మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. నంబర్లు అలా కంఠస్థం అయ్యాయని నా అనుమానం.

2016 మే 31న సిద్ధేశ్వరం పిలుపు. బొజ్జా దశరథరామిరెడ్డి వంటి సీమ నాయకులు పిలిచారు, కృష్ణకు అడ్డంగా సిద్ధేశ్వరం దగ్గర అలుగు కట్టాలని, ప్రభుత్వం కట్టకపోతే రైతులే శంకుస్థాపన చేయాలని. సిద్ధేశ్వరం మాట కొత్తది కాదు. 1950ల్లో కృష్ణా–పెన్నార్ పథకం అనుకున్నప్పుడే అక్కడ డ్యామ్ అన్నారు, అది కాగితాల్లోనే పోయింది. ఆ రోజు అనుమతి లేదని దారులు ఆపారు. అయినా జనం ఆగలేదు. పొలాల వెంట, వంకల వెంట నడిచారు. డెబ్బై దాటిన చిన్నాయన, కంటి ఆపరేషన్ అయిన సాయిబు మామ ఇద్దరూ బయల్దేరితే నేను తోడు పోక తప్పలేదు. మండుటెండ. నా కాళ్లే ముందు మొరాయించాయి. మా పక్కన నడుస్తున్న అనంతపురం కుర్రాళ్లు ఈ ముసలోళ్లు ఎవరని అడిగితే, సాయిబు మామ చేయి చాపి నది వైపు చూపించి "మేము అడుగు నుంచి వచ్చినాం" అన్నాడు. వాళ్లకు అర్థం కాలేదు. అలుగు నిజంగా కడితే మా ఊరు మళ్లీ ఏ ఎండాకాలమూ బయటపడదు. ఆ సంగతి తెలిసే చిన్నాయన ఒక రాయి ఎత్తి అక్కడ పెట్టాడు.

తర్వాత చావులు ఎక్కువయ్యాయి. చెట్టు కింద చాపలు తగ్గాయి. ఎవరు పోయినా చిన్నాయన పోతాడు, మినిట్స్ పుస్తకంలో రెండు నిమిషాలు మౌనం పాటించినట్టు రాస్తాడు. పిల్లలు వాట్సాప్ గ్రూపు పెట్టారు, పేరు మా ఊరి పేరే. అందులో గుడ్ మార్నింగులు, వేపదారు లింగం ఫొటోలు వస్తాయి. జీవో 98 గురించి అడిగే పిల్లలు ఒకరిద్దరు లేకపోలేదు.

2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. మునిగిన ఊళ్లు నంద్యాల జిల్లాలోకి పోయాయి, మనుషులు కర్నూలులో ఉన్నారు. కర్నూలులో అర్జీ ఇస్తే నంద్యాల పొమ్మన్నారు. "ఉన్న మనుషుల జిల్లానా, లేని ఊరి జిల్లానా?" అని చిన్నాయన కౌంటర్ దగ్గర వాదించాడు. మన ఊళ్లో ఇప్పుడు ఉండేది చేపలు, చేపల శాఖకు ఇద్దాం పద అన్నాడు సాయిబు మామ. చివరికి నంద్యాలకే పోవాలని తేలింది. మోకాళ్లు అరిగి చిన్నాయన బస్సు ఎక్కలేకపోతున్నాడు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కావడంతో ఇంట్లో కొత్త ఏర్పాటు జరిగింది. అర్జీ ఆయన రాస్తాడు, చిన్నమ్మ తీసుకుపోతుంది. వెళ్లేముందు ఆమెకు పాఠం చెప్తాడు, ముద్ర వేయించుకో, నంబరు చూసుకో, మూడో పేరా గురించి అడిగితే ఇట్లా చెప్పు అని. మొదటిసారి వెళ్లొచ్చి రెండు రశీదులు చేతిలో పెట్టింది. ఒకటి చాలు కదా, రెండోది ఏందని ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. వాళ్ల కాలనీ చివర బెల్టు షాపు నడుస్తోందని, మూయించాలని, మనవరాలి చేత రాయించుకుని పోయిందట.

"ముంపు అర్జీలో దాన్ని ఎందుకు కలిపినావు?"

"నేనేం కలపలేదు. వేరే కాగితం. నాకు నంబరు వేరే ఇచ్చినారు" అని ఆమె వంటింట్లోకి పోయింది.